ఆపరేషన్ అయిన రెండేళ్లకు చెయ్యి వాచింది, ఇక మిషన్ కుట్టడం మానేయాలా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. పల్నాడులో ఒక చిన్న ఊరు మాది. రెండేళ్ల కిందట ఎడమ రొమ్ముకు క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి తీసేశారు, చంకలో బిళ్లలు కూడా తీశారు. తర్వాత కీమో ఇచ్చారు, కరెంటు పెట్టారు. ఇప్పుడు రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. నాలుగు నెలల నుంచి ఎడమ చెయ్యి బరువుగా ఉంటోంది, సాయంత్రానికి వాస్తోంది, గాజులు ఎక్కడం లేదు. మా ఊరి ఆర్‌ఎంపీ బోదవ్యాధి అయి ఉండొచ్చని ఆ మాత్రలు, వాటితో పాటు నీరు తీసే మాత్రలు ఇచ్చాడు. అత్తయ్య ఆముదపాకు వేడి చేసి కడుతోంది. నేను మిషన్ కుడతాను, ఇల్లు సగం దాని మీదే గడుస్తుంది. అందరూ ఆ చేత్తో ఏ పనీ చేయొద్దంటున్నారు. మాఘంలో అమ్మాయి పెళ్లి ఉంది. క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమోనని నిద్ర పట్టడం లేదు. ఆపరేషన్ చేయిస్తే ఈ వాపు పోతుందా? (ఒక సోదరి, పల్నాడు జిల్లా)

జవాబు: అక్కా, ముందు మీకు నిద్ర పట్టనివ్వని భయం సంగతి చూద్దాం. చంకలో బిళ్లలు తీసి, ఆపైన రేడియేషన్ కూడా పెట్టినవాళ్లకు కొన్ని నెలలకో కొన్నేళ్లకో ఆ వైపు చెయ్యి వాయడం మేం తరచూ చూసేదే. దాన్ని లింఫెడిమా అంటారు. చంకలో బిళ్లలు చాలావరకు తీసేసిన ఆడవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి వస్తుంది. కాబట్టి చెయ్యి వాచినంత మాత్రాన క్యాన్సర్ తిరిగొచ్చినట్టు కాదు. అయితే ఈ మాట నేను ఉత్తరం చదివి చెప్తే చాలదు, డాక్టర్ మీ చంకలో, మెడ ఎముక పైన చెయ్యి పెట్టి చూసి చెప్పాలి. నాలుగు నెలలుగా ఆర్‌ఎంపీకి చూపించారు, అత్తయ్య వైద్యం చేయించుకున్నారు, మీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్లినట్టు రాయలేదు. ఈ వారంలోనే వెళ్లండి. ఆయన అవసరమనుకుంటే స్కానింగ్ చేయిస్తారు, చేతి రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందేమో చూడటానికి డాప్లర్ కూడా రాయొచ్చు. చెయ్యి ఒక్కసారిగా వాచి నీలంగా మారినా, నొప్పి బాగా ఎక్కువైనా, వేళ్లలో పట్టు తగ్గుతున్నా, చంకలోనో మెడ దగ్గరో కొత్తగా గడ్డ తగిలినా వారం కూడా ఆగొద్దు, ఆ రోజే బయల్దేరండి.

ఇక అసలు వాపు ఎందుకొచ్చిందంటే, మన ఒంట్లో రక్తనాళాల పక్కనే ఇంకో సన్నటి గొట్టాల దారి ఉంటుంది. కండల్లో, చర్మం కింద మిగిలిపోయిన నీటిని, ప్రొటీన్‌ను అది పోగుచేసి మళ్లీ రక్తంలో కలుపుతుంది. ఆ గొట్టాల్లో పారే నీటినే లింఫ్ అంటాం. చేతి నుంచి వచ్చే లింఫ్‌లో ఎక్కువ భాగం చంకలోని ఆ బిళ్లల మీదుగానే పోవాలి. క్యాన్సర్ ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి, ఉన్నది తీసేయడానికి వాటిని తొలగించారు, తొలగించక తప్పని పరిస్థితి అయ్యుంటుంది. మిగిలిన దారుల్ని రేడియేషన్ కాస్త బిరుసు చేసింది. వచ్చే నీరు వస్తూనే ఉంది, పోయే దారి ఇరుకైంది, అంతే. మీరేదో బరువు ఎత్తినందుకో, పత్యం తప్పినందుకో వచ్చింది కాదు, ఆ లెక్కలు ఎవరైనా వేస్తుంటే పట్టించుకోకండి.

మీ ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చిన ముక్క ఒకటుంది, సాయంత్రానికి వాస్తోందని రాశారు, అంటే పొద్దునకు కొంత తగ్గుతోందన్నమాట. బొటనవేలితో ముంజేతి మీద కాసేపు నొక్కి పట్టుకుని వదిలితే గుంట పడుతోందా చూడండి. గుంట పడుతూ, చెయ్యి ఎత్తి పెట్టుకుంటే తగ్గుతూ ఉన్నన్నాళ్లూ లోపల ఉన్నది చాలావరకు నీరే. ఇలాగే వదిలేస్తే ఆ ప్రొటీన్ వల్ల లోపల నార కట్టి, కొవ్వు పేరుకుని, చెయ్యి గట్టిపడుతుంది. అప్పుడు గుంటా పడదు, దిండు మీద పెట్టినా తగ్గదు. అందుకే పెళ్లి అయ్యాక చూసుకుందాంలే అనొద్దు. ఇది షుగర్ లాంటిది అక్కా, ఒక్కసారి మందేసి వదిలించుకునేది కాదు, రోజూ చూసుకుంటే మాత్రం మన మాట వింటుంది.

ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల విషయం. మన రాష్ట్రంలో, ముఖ్యంగా గోదావరి జిల్లాల వైపు, బోదకాలు చూసి చూసి ఉన్నాం కాబట్టి కాలో చెయ్యో వాస్తే ముందు అదే గుర్తొస్తుంది. బోదవ్యాధిలో దోమకాటుతో వచ్చిన పురుగులు ఈ లింఫ్ గొట్టాల్లోనే చేరి వాటిని పాడుచేస్తాయి, అందుకే పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ డీఈసీ మాత్రలు పురుగుల కోసం. మీ చంకలో దారి ఇరుకైంది కత్తి వల్ల, రేడియేషన్ వల్ల, దానికి ఆ మాత్ర ఏమీ చేయలేదు. నీరు తీసే మాత్రలూ అంతే. అవి ఒంట్లో నీటిని మూత్రంలో పంపేస్తాయి కానీ చేతిలో నిలిచిన ప్రొటీన్ అక్కడే ఉండి మళ్లీ నీటిని లాక్కుంటుంది. పైగా ఊరికే వాడితే నీరసం, కళ్లు తిరగడం, ఒంట్లో పొటాషియం పడిపోవడం. బీపీకో గుండెకో వేరే డాక్టర్ రాసి ఉంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, చీటీ తీసుకెళ్లి చూపించండి. రోజూ వేసుకునే క్యాన్సర్ మాత్ర జోలికి అసలు వెళ్లొద్దు, వాపుకు అదే కారణమని ఎవరన్నా సరే ఒక్క రోజు కూడా మానొద్దు. కొందరు మంచినీళ్లు తగ్గించమంటారు, పప్పు గుడ్డు మానమంటారు, అది కూడా తప్పే. ఉప్పు, ఊరగాయ కాస్త తగ్గించుకోండి, బరువు ఎక్కువుంటే మెల్లగా తగ్గండి, దానివల్ల చేతికి నిజంగా ఉపయోగం ఉంటుంది.

ఆముదపాకు కట్టు ఈ రోజే ఆపేయండి. అత్తయ్యగారు ప్రేమతోనే చేస్తున్నారు, ఆవిడ మనసు నొప్పించకుండా కారణం చెప్పండి. వేడి తగిలితే రక్తనాళాలు విచ్చుకుని ఆ చేతిలోకి ఇంకా నీరు దిగుతుంది. దానికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. మీ ఎడమ జబ్బ లోపలి వైపు, చంక కింద, వేలితో రాసి చూడండి, మొద్దుబారినట్టు ఉంటుంది చాలామందికి, ఆపరేషన్‌లో అక్కడి చర్మపు నరం తెగిపోవడం వల్ల. ఆకు ఎంత వేడిగా ఉందో ఆ చోటుకు తెలియదు. కాలి బొబ్బ లేచాక గానీ మీకు తెలియదు. వావిలాకు కాపడం, వేడినీళ్ల సంచి, నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించడం, ఇవన్నీ కూడా ఆ చేతికి వద్దు.

మరి వైద్యం ఏమిటి? ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగానికి పంపమని అడగండి, లింఫెడిమాకు శిక్షణ తీసుకున్నవాళ్లు ఎవరున్నారని పేరు పెట్టి అడగండి, మామూలు నడుంనొప్పి ఫిజియో వేరు, ఇది వేరు. అక్కడ లేకపోతే వాళ్లనే చెప్పమనండి, ఎక్కడికి వెళ్లాలో. హైదరాబాద్ ఎం.ఎన్.జె. గానీ, బసవతారకం గానీ, విశాఖలో అగనంపూడి దగ్గరున్న హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి గానీ, ఇలాంటి పెద్ద చోట్ల ముందుగా ఫోన్ చేసి కనుక్కుని వెళ్లడం మంచిది, ఉత్తినే బస్సెక్కి వెళ్లి తిరిగి రావడం కాకుండా. ఆరోగ్యశ్రీ కింద, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఏమేం వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

వాపు ఎక్కువుంటే మొదటి విడతగా రెండు నుంచి నాలుగు వారాలు దాదాపు రోజూ చికిత్స ఉంటుంది. చర్మం శుభ్రం చేయడం, చేత్తో చాలా తేలిగ్గా లింఫ్‌ను నడిపించడం, పొరలు పొరలుగా కట్టు కట్టడం, కట్టుతోనే వ్యాయామం. ఆ చేత్తో నడిపించే పద్ధతి చూస్తే ఇదేం మసాజ్ అనిపిస్తుంది, చర్మాన్ని నిమిరి పక్కకు జరిపినంతే ఉంటుంది. మొదలుపెట్టేది కూడా వాచిన చేతి దగ్గర కాదు. ముందు పొట్ట నిండా గాలి పీల్చి వదలడం, తర్వాత మెడ, బాగున్న వైపు చంక, ఆ తర్వాత జబ్బ, ముంజెయ్యి, చివర్లో అరచెయ్యి. ముందు ఖాళీ చేస్తేనే కదా వెనక నీరు రావడానికి చోటుండేది. ఇది ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోవాలి, ఫోన్‌లో వీడియో చూసి కాదు. నేర్చుకున్నాక రోజూ ఇంట్లో మీరే చేసుకోవచ్చు. మెడికల్ షాపులో దొరికే మామూలు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని పడుకోవద్దు. ఆ సాగే రకం విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా బిగిస్తుంది, చికిత్సకు వాడేది తక్కువ సాగే రకం, అది చెయ్యి కదిలినప్పుడే ఒత్తుతుంది.

వాపు తగ్గాక స్లీవ్. చేతికి వేసుకునే బిగువు తొడుగు. వాపు తక్కువే ఉంటే కొందరికి మొదటి నుంచే ఇదే ఇస్తారు. ఆన్‌లైన్‌లో మీడియం, లార్జ్ చూసి కొనేయకండి, కొలతలు తీసి ఎంత ఒత్తిడి కావాలో రాసివ్వాల్సింది థెరపిస్టు. చిన్నదైతే మణికట్టు దగ్గర తాడు కట్టినట్టు బిగిసి వేళ్లు వాస్తాయి, పెద్దదైతే డబ్బు దండగ. అరచెయ్యి కూడా వాస్తుంటే దానికి గ్లౌజు కలిపి ఇస్తారు. పొద్దున లేవగానే, వాపు తక్కువున్నప్పుడే వేసుకోవాలి, రాత్రి తీసేయాలి. ఎక్కడా ముడత ఉండకూడదు, పైన మడవకూడదు, మడిచిన చోట రెట్టింపు ఒత్తిడి పడుతుంది. రెండు కొనుక్కుంటే ఒకటి ఉతికి నీడన ఆరేసుకోవచ్చు. రోజూ వేస్తే సుమారు ఆరు నెలలకు సాగిపోతుంది, అప్పుడు మార్చాలి. ఖర్చు ఉంది, కాదనను, కొన్ని వేలు పెట్టాలి. రెంటచింతల వైపు ఎండల్లో మే నెలలో అది వేసుకుని మిషన్ ముందు కూర్చోవడం ఎంత కష్టమో ఊహించగలను. మధ్యాహ్నం అసలు భరించలేకపోతే కాసేపు తీసి, చల్లటి నీళ్లతో చెయ్యి కడిగి తుడుచుకుని, ఎత్తుగా పెట్టుకుని, మళ్లీ వేసుకోండి. కష్టంగా ఉందని బీరువాలో పడేసేవాళ్లే ఎక్కువ, అలా పడేసిన స్లీవ్ ఎవరికి పనికొస్తుంది చెప్పండి.

మీకు ఒక వీలుంది, మీ మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది, కొలవడం మీ వృత్తి. మణికట్టు బొడిపె దగ్గర పెన్నుతో గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి పైకి 10, 20, 30, 40 సెంటీమీటర్ల దగ్గర గుర్తులు పెట్టండి. ప్రతి గుర్తు దగ్గర చుట్టుకొలత తీయండి, రెండు చేతులకూ. కస్టమర్‌కు తీసినట్టే, గుడ్డకు వదిలే వదులు మాత్రం కలపొద్దు, చర్మానికి ఆని ఆననట్టు. వారానికోసారి, ఒకే పూట, ఒకే టేపుతో, తారీఖు వేసి జాకెట్టు కొలతలు రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీలో రాయండి. ఎక్కడైనా రెండు చేతుల మధ్య 2 సెంటీమీటర్లు, అంతకు మించి తేడా ఉంటే వాపు కింద లెక్క. అయితే కుడిచేతి వాటం వాళ్లకు మామూలుగానే ఎడమ చెయ్యి కాస్త సన్నగా ఉంటుంది, కాబట్టి తేడా అంత లేకపోయినా మీ కొలతలు వారం వారం పెరుగుతున్నాయంటే డాక్టర్‌కు చెప్పాలి. ఆ పేజీ తీసుకెళ్లి చూపిస్తే చెయ్యి కొంచెం వాచిందండి అనే మాట కన్నా పది రెట్లు పనికొస్తుంది.

మిషన్ మానొద్దు అక్కా. ఇది గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే ఆ చేత్తో ఏమీ చేయొద్దన్న సలహా మీ చేతికీ చెరుపే, ఇంటికీ చెరుపే. రక్తానికి గుండె ఉన్నట్టు లింఫ్‌కు పంపు లేదు, కండ ముడుచుకుని వదిలినప్పుడు, ఊపిరి లోతుగా తీసినప్పుడు అది నడుస్తుంది. కదలని చేతిలో అది నిలిచిపోతుంది. వెనకటి రోజుల్లో డాక్టర్లు కూడా బరువు ఎత్తొద్దనే చెప్పేవాళ్లు. అమెరికాలో చెయ్యి వాచిన 141 మంది ఆడవాళ్ల మీద ఒక పరీక్ష చేశారు, 2009లో దాని ఫలితాలు వచ్చాయి. స్లీవ్ వేసుకుని, మనిషి పక్కనుండి నేర్పించగా, చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ వారానికి రెండుసార్లు బరువులెత్తినవాళ్లకు వాపు పెరగలేదు, పైగా వాపు ఉన్నట్టుండి తిరగబెట్టడం మిగతావాళ్లకన్నా తగ్గింది, చేతికి బలమూ వచ్చింది. మెల్లగా అన్న మాట మాత్రం మర్చిపోవద్దు. నాలుగు నెలలు చెయ్యి ఆడించకుండా ఉండి ఇవాళ నిండు బిందె ఎడమ చంకన పెట్టుకుంటే తట్టుకోదు. అర లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టండి, మోచెయ్యి ముడిచి చాచడం, భుజం గుండ్రంగా తిప్పడం, చెయ్యి తల కన్నా పైకెత్తి పిడికిలి మూసి తెరవడం. మర్నాటికి బరువు, లాగుడు ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కి తగ్గండి.

మిషన్ దగ్గర కూడా చిన్న చిన్న మార్పులు చాలు. ఎడమ చేత్తో గుడ్డను గంటల తరబడి ఒకే తీరున నొక్కి పట్టుకుంటాం కదా, అదే ఇబ్బంది. అరగంటకోసారి లేచి చేతులు పైకెత్తి పది పదిహేను సార్లు పిడికిలి ఆడించండి. ఇస్త్రీ పెట్టె కుడిచేత్తోనే పట్టుకోండి. ఫాల్ వేసేటప్పుడు, హుక్కులు కుట్టేటప్పుడు ఎడమచేతి వేళ్లకు సూది గుచ్చుకుంటుంది, అక్కడే నాకు దిగులు, వేలికి పెట్టుకునే ఇనుప టోపీ తప్పనిసరి. మీరు తొడిగే జాకెట్టు ఎడమ చెయ్యి వదులుగా కుట్టుకోండి, చంక దగ్గర చిన్న పలక వేసి. పట్టీలు భుజంలోకి దిగిపోయే బ్రా, ఎడమ భుజానికి తగిలించే బరువు సంచి, రెండూ వద్దు.

సూది గురించి అంతగా ఎందుకు చెప్తున్నానంటే, క్రిములను అడ్డుకునే బిళ్లలు ఆ వైపు చాలావరకు తీసేశారు కాబట్టి చిన్న గాయం నుంచి కూడా చీము, జ్వరం దాకా పోవచ్చు. తిరగమోత నూనె చిందడం, పీచుతో గిన్నెలు తోముతుంటే గోరు పక్కన చర్మం లేచిపోవడం, దోమకాటు గోకడం, ఇవన్నీ దారులే. బోదకాలు ఉన్నవాళ్లకు ఆరోగ్య కార్యకర్తలు కాలు కడగడం నేర్పుతారు చూడండి, సబ్బుతో మెల్లగా కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో అద్ది తుడిచి, తడి లేకుండా చేయడం, అది మీ చేతికీ అక్షరాలా పనికొస్తుంది. తర్వాత కాస్త కొబ్బరినూనె రాయండి, చర్మం పగలకుండా. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక రోజు గుచ్చుకుంటుంది, అప్పుడు కంగారు పడకుండా కడిగి మందు రాసి గమనించండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలి జ్వరం వచ్చిందంటే స్లీవ్ తీసేయండి, చేత్తో లింఫ్ నడిపించడం ఆపేయండి, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్ ఆలస్యమైతే ఆ ఇన్ఫెక్షన్ రక్తానికి పాకొచ్చు. అలా ఒకసారి వస్తే ఉన్న వాపు కూడా పెరిగిపోతుంది.

గాజుల సంగతి మీరు ఒక్క మాటలో రాసి వదిలేశారు కానీ అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. వాచిన మణికట్టుకు సబ్బు రాసి మరీ మట్టిగాజులు ఎక్కించుకోవడం, అవి పగిలి గీరుకోవడం, సరిగ్గా మనం భయపడే గాయం అదే. పుణ్యస్త్రీ చెయ్యి బోసిగా ఉండకూడదని ఇంట్లో అంటే, కుడిచేతికి నిండుగా వేసుకోండి, ఎడమచేతికి రెండు సైజులు పెద్దదైన లోహపు గాజు ఒకటి వదులుగా ఉంచండి, లేదా ఏదీ వద్దు. మొగుడి ఆయుష్షు మీ ఎడమ మణికట్టు మీద ఆధారపడి లేదు, ఈ మాట అవసరమైతే ఆయనతోనే అత్తయ్యకు చెప్పించండి. ఇప్పటికే బిగుసుకుపోయిన ఉంగరం ఏదైనా ఉంటే ఈ రోజే తీయించండి. బీపీ చూడటం, రక్తం తీయడం, సెలైన్ పెట్టడం వీలైనంత వరకు కుడిచేతికే చేయమని ముందే చెప్పండి. ఎప్పుడైనా తప్పనిసరై ఎడమచేతికి చేస్తే కొంప మునిగిపోదు, దానికి టెన్షన్ పడొద్దు.

పెళ్లి మాఘంలో అంటున్నారు కాబట్టి మొదటి విడత చికిత్సకు టైం ఉంది, పిలుపులు మొదలయ్యేలోపే ఆ వారాలు తీసుకోండి. పెళ్లి జాకెట్టు మాత్రం చికిత్స అయ్యాక, స్లీవ్ వేసుకుని కొలిచి కత్తిరించండి. గోరింటాకు నూరిన ఆకైతే ఫరవాలేదు, నల్లగా పండే కోన్లు వద్దు, అందులో రసాయనాలకు చర్మం రేగితే కష్టం. పెద్ద పెద్ద గిన్నెలు దించే పని, బియ్యం బస్తాలు జరిపే పని వేరేవాళ్లకు అప్పగించండి. చెయ్యేమైంది, మళ్లీ వచ్చిందా అని చుట్టాలు అడుగుతారు, అడగకుండా ఉండరు. ఆపరేషన్‌లో బిళ్లలు తీసినందుకు నీరు నిలుస్తోంది, మందు వాడుతున్నాను అని ఒక్క వాక్యం చెప్పి పక్కకు తిరగండి, అంతకు మించి ఎవరికీ బాకీ లేరు. అమ్మాయికి మాత్రం దాచకుండా మొత్తం చెప్పండి.

చివరిగా ఆపరేషన్. ఉన్నాయి, లింఫ్ గొట్టాన్ని పక్కనున్న సన్నటి రక్తనాళానికి మైక్రోస్కోపు కింద కలపడం, వేరే చోటి బిళ్లల్ని తెచ్చి చంకలోనో చేతిలోనో పెట్టడం, గట్టిపడిపోయిన చేతిలో పేరుకున్న కొవ్వు తీయడం. ఇవి అందరికీ కాదు, చేసేవాళ్లు కొద్దిమందే, చేయించుకున్నా చాలామందికి స్లీవ్ అవసరం ఉంటూనే ఉంటుంది, కొవ్వు తీసే ఆపరేషన్ అయితే జీవితాంతం వేసుకోవాల్సిందే. నాలుగు నెలల వాపుకు ముందు మామూలు చికిత్స పూర్తిగా చేయించుకుని, దానితో లొంగకపోతేనే ఆ మాట ఎత్తాలి. ఒక్క ఆపరేషన్‌తో పూర్తిగా నయం చేస్తామని ఎవరైనా ముందే డబ్బు కట్టమంటే కట్టకండి.

ఈ వారం ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత ఆపరేషన్ కాగితం, ఎన్ని బిళ్లలు తీశారో రాసి ఉండే బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ ఎక్కడెక్కడ ఇచ్చారో రాసిన కాగితం, ఇప్పుడు వాడుతున్న అన్ని మాత్రల అట్టలు, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, ఒక సంచిలో వేసుకెళ్లండి. ఇవాళే రెండు చేతులూ ఒకసారి కొలిచి రాసుకోండి, ఆ పేజీ కూడా అందులోనే పెట్టండి. సంచి మాత్రం కుడిచేత్తో పట్టుకోండి.